కత్తి పట్టింది కులం కాదు

కాకతీయుల నాయంకరులనూ రెడ్డి రాజుల సేనానులనూ జపాన్ సమురాయ్‌లతో పోల్చి, ఇద్దరూ పుట్టుకతోనే యోధులనీ, ఏలిక కోసం ప్రాణమివ్వడం వాళ్ల రక్తంలోనే ఉందనీ చెప్పడం ఇవాళ పరిపాటి అయింది. గోదావరి గడ్డ మీది రాగిరేకులు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 1323లో ఓరుగల్లు పడిపోయాక తెలుగునేల పడ్డ అగచాట్లను వర్ణించే విలస తామ్రశాసనం, కోనసీమలోని ఆ ఊరిని దానమిచ్చిన ముసునూరి ప్రోలయ నాయకుణ్ణి నాలుగో వర్ణంవాడనే చెబుతుంది. సూర్యచంద్ర వంశాలను అరువు తెచ్చి అతికించలేదు. శత్రువును తరిమాడనీ, పోయిన అగ్రహారాలను తిరిగి ఇప్పించాడనీ పొగిడింది. ఆ పొగడ్తకు ఆధారం అతను చేసిన పని.

ఇక ఏలిక పట్ల చెక్కుచెదరని భక్తి సంగతి. 1423లో రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం, ప్రోలయ తర్వాత వచ్చిన కాపయ నాయకుణ్ణి 75 మంది నాయకులు కొలిచారనీ, ఆయన పోయాక ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లి ఏలుకున్నారనీ చెబుతుంది. 1368 ప్రాంతంలో కాపయ ప్రాణం తీసింది ఢిల్లీ సైన్యం కాదు, ఒకప్పుడు కాకతీయుల కొలువులోనే ఉన్న రేచర్ల వంశీకులు. రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యం పుట్టుక కూడా ఇలాంటిదే. కొండవీటి గద్దె పెదకోమటి వేముడి చేతికి పోతే, కుమారగిరి సేనాని కాటయ వేముడు తలవంచక ఇక్కడ వేరుపడ్డాడు. సీమను ఇచ్చి సైన్యం కోరే ఏర్పాటు నాయంకరం. ఇచ్చిన చెయ్యి బలహీనపడితే కొలువూ సడలేది. అసలు జపాన్‌లో మాత్రం ఏం జరిగింది? సామాన్యుడి ఇంట పుట్టిన హిదెయోషి దేశాన్నేలాడు. 1588లో రైతుల కత్తులు లాక్కున్నాకే రైతుకూ యోధుడికీ మధ్య గీత గట్టిపడింది. 1600లో సెకిగహర యుద్ధం నడుస్తుండగానే కొబయకవ హిదెయాకి పక్షం ఫిరాయించాడు.

మరి ఏలికతో పాటే చావడానికి సిద్ధపడ్డ లెంకల మాటేమిటని అడుగుతారు. సరైన ప్రశ్నే. కానీ ఆ లెంకలు ప్రతిజ్ఞ చేసి కొలువులో చేరినవాళ్లు. రక్తంలోనే ఉన్న గుణానికి ప్రతిజ్ఞతో పనేముంది? సేనానుల సంగతీ అంతే: కాయస్థ అంబదేవుడూ మల్లికార్జున నాయకుడూ రుద్రమదేవి కాలంవాళ్లే. అంబదేవుడు ఆమెపై తిరగబడ్డాడు. మల్లికార్జునుడు ఆమె సేనానిగా నిలిచాడు, 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్నీ అతని మరణాన్నీ కలిపే చెప్పింది. ఎదురుతిరిగే దారి తెరిచి ఉన్న రోజుల్లో ఆయన చేసుకున్న నిర్ణయాన్ని పుట్టుక ఖాతాలో వేయడం ఆయనకు చేసే అన్యాయం.