మనోవ్యాధికి మందు కలదు

మనోవ్యాధికి మందు లేదని మనవారు తరచుగా చెప్పుచుందురు. ఈ సామెతవలన కలిగిన నష్టము ఇంతింత యనరాదు. మందు లేదని తలచుటచేతనే రోగిని దాచుట, నిందించుట, దైవమునకు విడిచిపెట్టుట మనకు పరిపాటియైనది. సామెత తప్పు. మేమీ మాట గ్రంథములు చూచి మాత్రమే చెప్పుటలేదు, అనుభవించి చెప్పుచున్నాము.

నలువది యేండ్లు దాటిన పిదప మేమీ వ్యాధికి లోనైతిమి. నిద్ర పోయినది, అన్నము రుచింపలేదు, నిత్యము వ్రాయు కలము బరువయ్యెను. ఏర్పేడులో బంధువుల యింట కొన్ని నెలలుంటిమి. గ్రహచారమని కొందరు, పనిలేని దిగులని కొందరు అనిరి. వైద్యుడొక్కడే దీనిని వ్యాధియని చెప్పి, మందులిచ్చి, కొన్ని వారములైన పిదప నొక ప్రశ్న వేసెను: “చిన్ననాడు మీకేపని యిష్టము?”

కలంకారీ యంటిమి. ఏర్పేడునకు సమీపముననున్న శ్రీకాళహస్తిలో బాల్యమున వేసవి సెలవులందు ఆ పని కొంత నేర్చితిమి. పదవ తరగతి రాగానే “ఇది కూడు పెట్టునా?” యని పెద్దలు మాన్పించిరి. ముప్పది యేండ్ల తరువాత మరల వెదురుకలము పట్టితిమి.

ఈ పనికి తొందర పనికిరాదు. గుడ్డను కరక్కాయపొడి కలిపిన పాలలో నానవేసి యెండబెట్టవలెను. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పలుదినములు పులియబెట్టినగాని కసిమి సిద్ధము కాదు. ఎరుపు రావలసిన చోట పటికనీరు పూసినప్పుడు రంగేమియు కానరాదు. వేళ్లు, చెక్కలు వేసి కాచిన పిదపనే యది పైకి తేలును.

మొదటినాడు ఒక్క ఆకు గీసితిమి. చేయి వణకెను. ఆ రాత్రి నిద్ర పట్టెనని చెప్పజాలము, పట్టలేదు. కాని మరునాడు రెండవ యాకు గీయవలెనను తలంపు కలిగెను. ఎన్నో నెలల తరువాత రేపటిని గూర్చి మాకు కలిగిన మొదటి కోరిక యదియే.

మనసు బాగుపడిన పిదప పని చేయుదమని కూర్చున్నచో మనసు బాగుపడదు; చిన్నపని మొదలిడినచో మనసు మెల్లగా వెంటవచ్చును. వైద్యులు దీనిని చికిత్సలో భాగముగనే వాడుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐరోపా శాఖ 2019లో 3,000కు పైబడిన అధ్యయనములను పరిశీలించి, కళలు ఆరోగ్యమునకు తోడ్పడునని తెలిపెను. మన స్వాతంత్ర్యమునకు బద్ధవిరోధియైన చర్చిలు సైతము, 1915లో డార్డనెల్సు పరాభవమున పదవి పోయి కుంగినపుడు, నలువదవ యేట కుంచె పట్టి తేరుకొనెను. శత్రువునుండియైనను మంచి గ్రహింపవచ్చును.

అయితే కుంచె వైద్యునకు బదులు కాదు. మందు మానుమని మేము చెప్పము. వైద్యుడు దూరమైనచో, కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగ మాటాడవచ్చును. ప్రాణము తీసుకొనవలెనను తలంపు వచ్చినవారు ఒక్క గడియయు జాగు చేయరాదు.

నేడు ఏర్పేడు చెంత 2015లో స్థాపితములైన ఐఐటీ, ఐసర్ విద్యాలయములు రెండును వెలసినవి. వానిని చూచి తమ బిడ్డలను గూర్చి కలలుగను తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. పిల్లవాని బొమ్మల పుస్తకమును అటకకెక్కింపకుడు. అమ్మాయి వీణను మూలపెట్టకుడు. ధర్మరాజు గుడియొద్ద భారతము జరుగునపుడు మద్దెల వాయించిన చేతులు మీవే యైనచో, ఆ మద్దెలను మరల దింపుడు. కుంగినవాడు మరల కలము పట్టినపుడు “ఎంతకమ్ముడుపోవును?” అని యడుగకుడు. ప్రక్కన కూర్చుండి చూడుడు. అది చాలును.