గేటుకు తాళం వేస్తే భద్రత వచ్చినట్టేనా?

ప్రతి ఏడూ తొలకరితో పాటే కాలేజీలు తెరుచుకుంటాయి. మొదటిసారి ఇల్లు వదిలి, పరుపుచుట్టా బకెట్టూ పట్టుకుని హాస్టల్ గేటు దగ్గర దిగిన ఆడపిల్ల చేతిలో ముందుగా పెట్టేది ఒక కాగితం. అందులో నియమాలుంటాయి. సాయంత్రం ఇన్ని గంటలకల్లా లోపలుండాలి. తండ్రో అన్నో సంతకం చేస్తే తప్ప బయటికి వెళ్లకూడదు. చూడడానికి వచ్చేవాళ్ల పేర్లు ముందే రాసివ్వాలి. చున్నీ లేకుండా మెస్సులోకి రాకూడదు. కాగితం కింద అమ్మాయి సంతకం పెడుతుంది, పక్కన తండ్రి సంతకం పెడతాడు. ఆమె చెయ్యకూడనివన్నీ అందులో ఉన్నాయి. ఆమెకున్న హక్కుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆమెకి ఇవ్వాల్సిన ఆ రెండో కాగితం గురించే ఈ సంచికలో మాట్లాడదలిచాను.

హాస్టల్ వేళల గొడవ పట్నపు మధ్యతరగతి పిల్లల షికార్ల సమస్య అని మన కార్యకర్తల్లోనే కొందరనుకుంటారు. ఇది సరికాదని నా అభిప్రాయం. ఆరింటికి గేటు పడితే మూతపడేది సినిమా హాలొక్కటే కాదు. లైబ్రరీ మూతపడుతుంది, లేబొరేటరీ మూతపడుతుంది. ట్యూషన్లు చెప్పుకుని ఫీజు కట్టుకునే పిల్ల సంపాదన ఆగిపోతుంది. విద్యార్థి సంఘం మీటింగులో ఆమె కుర్చీ ఖాళీగా ఉంటుంది. అదే కాంపౌండులో మగపిల్లల హాస్టల్ గేటు మాత్రం అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ఇద్దరూ కట్టేది ఒకే ఫీజు, రాసేది ఒకే పరీక్ష.

అసలు విషయం ఇంకా లోతుగా ఉంది. మా సంస్థ తరఫున హాస్టళ్లకు వెళ్లినప్పుడల్లా అమ్మాయిలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఇంట్లో తెలియకుండా ఫిర్యాదు చెయ్యొచ్చా మేడమ్?" ఈ ప్రశ్న వెనకున్న లెక్కని మనం అర్థం చేసుకోవాలి. వార్డెను చేతిలో ఉన్న పెద్ద ఆయుధం జరిమానా కాదు, "మీ నాన్నకి ఫోన్ చేస్తా" అన్న మాట. ఆలస్యంగా వచ్చినా ఆ మాటే, ఎదురు చెప్పినా ఆ మాటే. అలాంటి చోట ఒక లెక్చరరో, మెస్సులో పనివాడో, సీనియరో వేధిస్తే ఆ పిల్ల ఎవరికి చెబుతుంది? చెబితే ఇంటికి కబురు వెళుతుంది. ఇంటికి వెళితే "ఇక చదివింది చాలు" అంటారు. ఆ తర్వాత పెళ్లి సంబంధాలు. తమ ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకి, ముఖ్యంగా దళిత, ఆదివాసీ, ముస్లిం అమ్మాయిలకి, ఈ లెక్క మరీ బాగా తెలుసు. చదువు పోగొట్టుకోవడం కంటే వేధింపుని భరించడమే నయమనుకుంటారు. భద్రత పేరుతో వేసిన తాళం చివరికి వేధించేవాడికే కాపలా కాస్తోంది.

దీన్ని చట్టం కూడా గుర్తించింది. లైంగిక వేధింపుల నివారణపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2015లో నిబంధనలు చేసింది. అవి 2016 మేలో గెజెట్‌లో వెలువడ్డాయి. విద్యార్థినుల భద్రతను సాకుగా చూపి, మగ విద్యార్థులకు లేని ఆంక్షలను ఆడపిల్లల హాస్టళ్లలో విధించకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. భద్రతా ఏర్పాట్లు అతి నిఘాగా, పోలీసు కాపలాగా మారకూడదని కూడా ఉంది. ఈ మాట అక్కడికి ఊరికే రాలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత ఆ సంఘమే వేసిన బృందం 2013లో "సక్షమ్" పేరుతో నివేదిక ఇచ్చింది. 2015లో ఢిల్లీలో హాస్టల్ వేళల మీద విద్యార్థినులు తిరగబడ్డారు. "పింజ్రా తోడ్", అంటే పంజరాన్ని బద్దలు కొట్టండి, అన్న ఉద్యమం అలా పుట్టింది.

కేరళ అమ్మాయిలు కోర్టుకెక్కారు. త్రిశూరులోని ఒక కాలేజీ హాస్టల్లో ఫస్ట్ షో, సెకండ్ షో సినిమాలకు వెళ్లకూడదనీ, రాజకీయ కార్యక్రమాల్లో పాల్గొనకూడదనీ పెట్టిన నియమాలను 2019లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. సంరక్షకులమంటూ తమ నీతిని పిల్లల మీద రుద్దే అధికారం యాజమాన్యానికి లేదంది. అదే ఏడు సెప్టెంబరులో, సాయంత్రంపూట సెల్‌ఫోన్ వాడకూడదన్న నియమాన్ని ఒప్పుకోనందుకు హాస్టల్ నుంచి పంపించేసిన ఒక విద్యార్థినిని తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులోనూ, 21వ అధికరణం కింద గోప్యత హక్కులోనూ భాగమంది. 2022లో కోజికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర గేటు మీద అదే కోర్టుకు వెళ్లారు. తాళం ఆడపిల్లలకే ఎందుకని న్యాయమూర్తి నిలదీశారు. చివరికి మగా ఆడా ఇద్దరికీ ఒకే వేళలు వర్తించేలా ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఇవి కేరళ తీర్పులే కావచ్చు, 2015 నిబంధనలు మాత్రం దేశమంతటా ఉన్న ఉన్నత విద్యాసంస్థలకు వర్తిస్తాయి. మన కాలేజీల్లో ఎంతమంది ప్రిన్సిపాళ్లు వాటిని చదివారు?

కొత్తగా చేరిన అమ్మాయి చేతిలో ఉండాల్సిన రెండో కాగితంలో ఇవి ఉండాలి.

ఒకటి. హాస్టలు, మెస్సు, టాయిలెట్లు అన్నీ 2015 నిబంధనల ప్రకారం క్యాంపస్ కిందికే వస్తాయి. అక్కడ జరిగిన వేధింపు మీద కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. 3 నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణముంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా వేధించినవాడు ఆమె పేపర్లు దిద్దకుండా, ఆమె జోలికి రాకుండా చూడాలి.

రెండు. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదు. 18 నిండిన విద్యార్థిని మేజరు. ఫిర్యాదు మీద తండ్రి సంతకం అక్కర్లేదు.

మూడు. 18 నిండని ఇంటర్ పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరం. సంస్థ అధిపతే దాచిపెడితే ఏడాది దాకా జైలుశిక్ష ఉంది. కాలేజీ పరువు పేరుతో నోరు నొక్కేవాళ్లకి ఈ మాట వినిపించాలి. సహాయానికి 1098 ఉంది.

నాలుగు. స్నానాల గదిలో, బట్టలు మార్చుకునే చోట రహస్యంగా ఫోటోలు, వీడియోలు తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారైనా కనీసం ఏడాది జైలు. కాలేజీ కమిటీకి చెప్పినంత మాత్రాన పోలీసుల దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోదు.

అయిదు. ర్యాగింగ్ సరదా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు అందినా పట్టించుకోని సంస్థ అధిపతిని నేరానికి తోడ్పడినట్టు పరిగణించాలని ఆ చట్టమే చెబుతోంది. అయినా 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయ హాస్టల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఒకరు ప్రాణం తీసుకున్నారు. కులం మీద, రంగు మీద, యాస మీద అవమానించడం కూడా ర్యాగింగే. అది ఆడపిల్లల మధ్య జరిగినా ర్యాగింగే. దేశవ్యాప్త హెల్ప్‌లైను 1800-180-5522.

కాగితం మీద ఇన్ని ఉన్నా కాగితం దానంతటది కదలదు. గోవా విశ్వవిద్యాలయంలో విద్యార్థినుల ఫిర్యాదులతో మొదలైన ఒక కేసులో 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, ఈ కమిటీల అమలులో ఉన్న తీవ్రమైన లోపాల మీద ఆందోళన చెప్పింది. 2013 చట్టం వచ్చి పదేళ్లయినా కమిటీలు వేశారో లేదో కనుక్కోమని ప్రభుత్వాలకు చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఇక్కడే మన బాధ్యత ఉంది. ప్రతి కాలేజీ కమిటీలోనూ స్త్రీల సమస్యల మీద పనిచేసే సంస్థ నుంచి బయటి సభ్యురాలు ఒకరుండాలి. అంటే మనమే. చాలాచోట్ల మన పేరు నోటీసు బోర్డు మీద ఉంటుంది, మనం మాత్రం ఏడాదికోసారి టీ తాగి సంతకం పెట్టి వస్తాం. విద్యార్థుల కేసులు విన్నప్పుడు కమిటీలో ముగ్గురు విద్యార్థులు ఉండాలి. వాళ్లని ఎన్నుకోవాలి, ప్రిన్సిపాల్ తనకు నచ్చినవాళ్లని వేసుకోకూడదు. ఆ ఎన్నిక జరిగిందా అని అడగాల్సింది మనం. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాస్టల్ గోడ మీద తెలుగులో ఉన్నాయా అని చూడాల్సింది మనం. ఫిర్యాదు వచ్చిన వెంటనే ఆ పిల్ల ఇంటికి ఫోన్ వెళ్లకుండా అడ్డుపడాల్సిందీ మనమే.

పిల్లలకి ఒక మాట. ఒంటరిగా అడిగితే "తలపొగరు" అంటారు, కలిసి అడిగితే వినక తప్పదు. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీలో తిండి, వసతుల దగ్గర్నుంచి వైస్ ఛాన్సలర్ నియామకం దాకా తమ డిమాండ్ల కోసం వేలమంది విద్యార్థులు ఎండకూ వానకూ వెరవకుండా బైఠాయించారు. అందులో ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారం తిరక్కుండా మంత్రి అక్కడికి రావాల్సి వచ్చింది. మెస్సు కమిటీ, హాస్టల్ కమిటీ చిన్న విషయాలు కావు. పక్క గది అమ్మాయి కులమేదో, ఊరేదో ఆరా తీసే ముందు ఆమెతో స్నేహం చెయ్యండి. ఆపద వేళ ముందు తలుపు తట్టేది ఆమే.

తల్లిదండ్రులకీ ఒక మాట చెప్పాలి. గేటు ఎన్నింటికి మూస్తారని వార్డెనుని అడుగుతున్నారు, అడగండి. దానితో పాటు ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారని కూడా అడగండి. "ఏం జరిగినా నీ చదువు మాన్పించం" అని పిల్లకి చెప్పి బస్సెక్కండి. ఆమెకి ఏ తాళమూ ఇవ్వలేని ధైర్యం ఆ మాట ఇస్తుంది.

పై అయిదు అంశాలనూ ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేయించండి. మీ ఊళ్లో ఉన్న హాస్టళ్లకు, సాంఘిక సంక్షేమ హాస్టళ్లనూ, ప్రైవేటు హాస్టళ్లనూ వదలకుండా, కాలేజీలు తెరిచిన మొదటి వారంలోనే వెళ్లండి. ఘోరం జరిగాక గేటు ముందు ధర్నా చేయడం మనకి అలవాటే. ఈసారి ముందే వెళదాం.