నింద మేస్త్రీ ఒక్కడిదేనా?



కొత్త అపార్టుమెంట్ల గోడల పగుళ్లకు తాపీ మేస్త్రీలే కారణమన్న మీ పత్రిక వ్యాసం సగం నిజమే చెప్పింది. మట్టి ఇటుకను తడపకుండా కడితే అది మాలులోని నీటిని పీల్చేస్తుంది, పట్టు తప్పుతుంది. కట్టిన గోడకు కనీసం వారం రోజులు నీళ్లు కొట్టాలి. ఇవి అనుభవమున్న ఏ మేస్త్రీకైనా తెలుసు. కానీ పనిని గుత్తకిచ్చి తొందరపెట్టేది, సిమెంటు పాళ్లు తగ్గించేది, నీళ్ల ఖర్చు మిగుల్చుకునేది పైనున్న బిల్డర్లు, కాంట్రాక్టర్లే. అందుకే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు పనితనంలో లోపం చూపితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేసే బాధ్యతను ప్రమోటరు (బిల్డరు) మీదే పెట్టింది. కొనేవాళ్లు ఆ హక్కును వాడుకోవాలి. ప్లాస్టరింగుకు ముందే గోడలు చూపించమని పట్టుబట్టాలి.

— ఒక పాఠకుడు, గుంటూరు