జాడ తెలియనివారి యిండ్లు

మరణమునకు మన సమాజములో నొక క్రమ మున్నది. కబురు తెలియును, బంధువులు కూడుదురు, దహనమో ఖననమో జరుగును, కర్మదినములు గడచును, ఏటేట తద్దినము వచ్చును. దుఃఖ మంతటితో తీరదుగాని, దుఃఖించువారు నిలుచుట కొక చోటు దొరకును. ఇల్లు విడిచి మరల రాని మనుష్యుని కుటుంబమునకు ఆ చోటును లేదు. వారు ఏడ్చిన, అశుభము పలుకవలదని పెద్దలు మందలింతురు. ఏడ్వకున్న, రాతిగుండె యని యిరుగుపొరుగులు చెవులు కొరుకుకొందురు. భార్య కుంకుమ పెట్టుకొనిన నొకరికి కంటగింపు. చెరిపివేసిన మరియొకరికి కోపము. తల్లి రాత్రివేళ తలుపు గడియ వేయనీయదు. అమెరికా పండితురాలు పౌలిన్ బాస్, ఆగ్నేయాసియా యుద్ధమున జాడ తెలియకపోయిన వైమానికుల కుటుంబములను పరిశీలించి, ఈ స్థితికి 'అస్పష్టనష్టము' అను నర్థమిచ్చు పేరు పెట్టినది. మన పల్లెలలోని తల్లులకు పేరు తెలియదుగాని బాధ తెలియును.

మన పూర్వులు ఈ కష్టము నెరుగనివారు కారు. పండ్రెండేండ్లు వార్త తెలియనివానికి దర్భలతోనో మోదుగాకులతోనో ప్రతిమ గట్టి సంస్కారము చేయు విధానమును ధర్మశాస్త్రజ్ఞులు చెప్పియుండిరి. నిరీక్షణమున కొక హద్దు, శోకమున కొక ద్వారము ఉండవలెనని వారు గుర్తించిరన్నమాట. పిదప ఆంగ్లప్రభుత్వము 1872లో సాక్ష్యచట్టము చేసి, దాని 108వ సెక్షనునందు ఏడేండ్ల నియమము నుంచినది. సహజముగా వార్త వినదగినవారికి ఏడేండ్లపాటు ఏ వార్తయు తెలియనిచో, ఆ మనుష్యుడు బ్రదికియున్నాడనువాడే దానిని రుజువు చేయవలయును. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము దీనినే 111వ సెక్షనుగా నిలుపుకొన్నది. చట్టము పేరు మారినది. సెక్షను సంఖ్య మారినది. ఏడేండ్లు మాత్రము మారలేదు. ఉత్తరములు ఓడలమీద నడచిన కాలపు కొలత, చేతిలోని ఫోను క్షణములో దేశదేశములకు మాటలాడు కాలమునను కొలతగానే యున్నది.

ఈ యేడేండ్లలో ఆ యింట జరుగునది యేమి? యజమాని పేర బ్యాంకులో సొమ్మున్నను భార్య తీయజాలదు. భూమి యతని పేర నున్నందున అమ్మజాలదు, అప్పునకు పెట్టజాలదు. మరణపత్రము లేనిదే విధవకు రావలసిన పింఛను లేదు; భర్తయున్న స్త్రీకి దక్కు నాదరమును లేదు. ఏడేండ్లు నిండినంతమాత్రమున తలుపులన్నియు తమంతట తెరచుకొనునా యన్న, అదియును లేదు. జీవితబీమా సంస్థకు సంబంధించిన యొక వ్యాజ్యమున 2004లో సుప్రీముకోర్టు చెప్పిన తీర్పు ప్రకారము, మరణించెనని భావించుటకు మాత్రమే చట్టము వీలిచ్చును. ఎప్పుడు మరణించెనో భావించుటకు వీలు లేదు. కావున ఆ నడిమికాలములో ప్రీమియము కట్టక పాలసీ మురిగిపోయినచో నష్టము కుటుంబమునదే. సంపాదించువాడు లేని యిల్లు, అతడు బ్రదికియున్నాడన్నట్లు ప్రీమియము కట్టుచు, అతడు లేడని చెప్పుటకు ఏడేండ్లు కాచుకొనవలెను. ఇంతకన్న క్రూరమైన లెక్క యుండునా?

ఆంధ్రదేశ మెరిగిన యొక సంఘటనమును చూతము. 2016 జూలై 22వ తేదీన చెన్నపట్టణము చెంతనున్న తాంబరము నుండి నాటి పోర్టు బ్లెయిరునకు, అనగా నేటి శ్రీ విజయపురమునకు, బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానము బంగాళాఖాతముమీద కానరాకపోయెను. అందున్న 29 మందిలో ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారములోని పౌరోద్యోగులు. నౌకలు, విమానములు సముద్రమును గాలించినవి, ఫలము లేకపోయెను. ఆ సెప్టెంబరులోనే, వారు బ్రదికియుండు నవకాశము లేదని వాయుసేన కుటుంబములకు తెలియజేసినది. 2024 జనవరిలో, అనగా ఏడేండ్లు గడచిన పిమ్మట, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి మానవరహిత జలయంత్రము సుమారు 3,400 మీటర్ల లోతున పడియున్న శకలములను ఛాయాచిత్రములలో పట్టినది. అంతకాలము ఆ యిండ్లవారు, సముద్రముమీద పోయినవాడు ఏ దీవిలోనో యున్నాడేమో యని తలపోయకుండిరని యెవరు చెప్పగలరు? కాని వారియెడ ప్రభుత్వము ఏడేండ్లు నోరు మూసికొని కూర్చుండలేదు. రెండు మాసములలో మాట చెప్పినది. వెదకుటయు మానలేదు. మా వాదమునకు ఆయువుపట్టిదియే.

ప్రభుత్వము తలచుకొనినచో ఏడేండ్లు అడ్డు కావు. 2013 జూన్‌లో కేదారనాథమున వరద వచ్చి వేలకొలది యాత్రికులు కానరాకపోయినపుడును, 2021 ఫిబ్రవరిలో చమోలీ జిల్లాలో ఋషిగంగ పొంగినపుడును, ఉత్తరాఖండ ప్రభుత్వము ప్రత్యేకవిధాన మేర్పరచి, విచారణానంతరము మరణపత్రము లిచ్చినది. కేంద్రప్రభుత్వోద్యోగి కనబడకపోయినచో, పోలీసులకు ఫిర్యాదు చేసిన ఆరు మాసములకు, హామీపత్రము పుచ్చుకొని కుటుంబమునకు పింఛను నిచ్చుటకు నిబంధనలు కలవు. మంచిదే, ఇట్లే యుండవలెను. కాని కూలికై పట్నము పోయి కనబడకపోయిన తాపీపనివాని భార్య ఏ పాపము చేసినది? వేయిమంది నొక్కసారి పొట్టబెట్టుకొనిన వరదకు ప్రత్యేకవిధానము కలదు. ఒక్కనిని మాయముచేసిన రహదారికి లేదు. ఉద్యోగి యింటి ఆకలికి ఆరు మాసములు, కూలివాని యింటి ఆకలికి ఏడేండ్లు! ఆకలికి ఇన్ని తరగతు లుండునని మేమెరుగము.

ఇక వెదకుటను గూర్చి రెండు మాటలు. 2019 మొదలు 2021 వరకు మూడేండ్లలో తప్పిపోయినట్లు నమోదైన స్త్రీలు, బాలికలు 13 లక్షలకు పైబడిరని కేంద్రప్రభుత్వమే 2023లో పార్లమెంటునకు తెలిపినది. వీరిలో అనేకులు తిరిగి దొరకినవారే. కాని దొరకనివారి సంఖ్య చిన్నదైనను, అది యిండ్లసంఖ్య యని మరువరాదు. బిడ్డలు తప్పిపోయినపుడు వెంటనే కేసు నమోదు చేసి, అపహరణమని భావించి దర్యాప్తు చేయవలెనని సుప్రీముకోర్టు 2013 మేలో శాసించినది. వయసు వచ్చినవారి విషయమున నేటికిని 'ఇరువదినాలుగు గంటలు చూడు డ'ను మాట వినబడుచునేయున్నది. అట్టి నియమము ఏ చట్టమునను లేదు. మొదటి దినమే విలువగలది. ఆ దినమే చేజారుచున్నది. ఒక జిల్లాలో కుటుంబము పటము పట్టుకొని తిరుగుచుండ, మరియొక జిల్లాలో నదే ముఖము గుర్తుతెలియని శవముగా పూడ్చబడవచ్చును. శవముల డీఎన్‌ఏను బంధువుల డీఎన్‌ఏతో పోల్చుటకు జాతీయ పట్టిక యేర్పరుపదలచిన బిల్లును 2023లో ఉపసంహరించుకొనిరి. వ్యక్తుల రహస్యమునకు భంగము కలుగునను భయము నిరాధారము కాదు. అట్లయిన నేరస్థుల పట్టికలతో ముడివెట్టక, తప్పిపోయినవారికొరకే వేరుగా నొక చట్టము చేయరాదా?

నేతాజీ సుభాష్ చంద్రబోసు 1945 ఆగస్టులో ఏమయ్యెనో తెలిసికొనుటకై ఈ దేశము 1956లోను, 1970లోను, 1999లోను మూడుమార్లు విచారణసంఘములను నియమించినది. మహాపురుషుని విషయమున జాతి పడిన ఆరాటము సహజము. ఆ యారాటమున నూరవపాలైనను, పేరులేని పౌరుని యింటికి చెందవలదా? స్వరాజ్యమనగా ప్రజలలో నే యొక్కడును లెక్కలోనుండి జారిపోకుండుట గదా!

అన్యదేశములు త్రోవ చూపినవి. సైనికనియంతల కాలమున వేలకొలది ప్రజలు మాయమైన అర్జెంటీనాలో, 1977 నుండి తల్లులు రాజధాని చౌకులో నిలిచి 'మా బిడ్డలెక్కడ?' అని యడిగిరి. బిడ్డలు చచ్చిరని వ్రాసికొనుటకు వారు మనసొప్పలేదు. 1994లో ఆ దేశము, మరణమనక, బలాత్కారముగా కనబడకపోయినవారని ప్రకటించుటకు చట్టము చేసి, కుటుంబములకు హక్కులు కల్పించినది. ఇంగ్లండు, వేల్సులకు 2017లో చేయబడిన చట్టము మేరకు, తొంబది దినములు జాడ తెలియనివాని యాస్తికి న్యాయస్థానము సంరక్షకుని నియమింపవచ్చును. ఏడేండ్ల నియమమును మనకిచ్చినవారే తమ యింట దానికి విరుగుడు కనుగొనిరి. మన మింకను ఆ పాతకొలతను పట్టుకొని వ్రేలాడుచున్నాము.

మోసము జరుగునని కొంద రనవచ్చును. అప్పులవారిని తప్పించుకొని దాగినవాని పేర బీమాసొమ్ము కాజేయువారును లోకమున కలరు. అందులకే మేము తొందరపడి మరణపత్రము లిమ్మని కోరుటలేదు. సంరక్షకుడు జామీనిచ్చి, లెక్కలొప్పజెప్పి, ఇల్లు గడచుటకు, బిడ్డల చదువునకు వలసినంత వాడుకొనిన, తప్పిపోయినవాడు రేపు తిరిగి వచ్చినను అతని యాస్తి యతనికుండును. మరికొందరు, ఇష్టపూర్వకముగా ఇల్లు విడిచినవారి స్వేచ్ఛ మాటయేమి యందురు. దెబ్బలకోర్వజాలక పోయిన స్త్రీని బలవంతముగా తీసికొనిరమ్మని మేమనము. ఆమె క్షేమముగా నున్నదని చెప్పి, ఉనికి చెప్పకుండుట పోలీసులకు సాధ్యమే.

కావున మేము కోరునవి మూడు. వయసుతో నిమిత్తము లేక ఫిర్యాదు వచ్చిన దినమే నమోదు చేసి, దర్యాప్తు సంగతి నిర్ణీతకాలమున కొకమారు కుటుంబమునకు వ్రాతమూలముగా తెలుపవలెను. గుర్తుతెలియని శవముల వివరములు రాష్ట్రముల హద్దులు దాటి సరిపోల్చబడవలెను. ఆరు మాసములు గడచినపిదప, మరణమను మాట యెత్తక, 'జాడ తెలియనివాడ'ను పత్రమిచ్చి, ఆస్తిసంరక్షణమునకును పింఛనునకును దారి చూపవలెను.

చట్టము వచ్చువరకు మనము చేయదగినదియు కలదు. పఠనమందిరములకు వచ్చు విద్యావంతులు ఆ యింటివారికి అర్జీ వ్రాసిపెట్టవచ్చును. ఫిర్యాదు నకలు భద్రపరచుమని, బీమా ప్రీమియము మాననీయవలదని చెప్పవచ్చును. అన్నిటికన్న ముందు, ఆ యిల్లాలి కుంకుమను గూర్చి తీర్పులు చెప్పుట మానవచ్చును. ఆమె భర్త యున్నాడో లేడో ఆమెకే తెలియదు. ఆమె యున్నదని, ఆమె బిడ్డలు ఆకలిగొనియున్నారని మనకు తెలియును. ప్రభుత్వము కదలుటకు ఆ తెలిసిన సంగతి చాలును.