న్యాయవాది – నగరము – ప్రజాతీర్పు

న్యాయవాదవృత్తి పదవులకు నిచ్చెన మాత్రమేనను భావము విద్యార్థిలోకమున పాతుకొని ఉన్నది. జర్మనీ దేశపు హాన్స్ క్రిస్టియాన్ స్ట్రోబెలె (1939–2022) జీవితము ఈ భావమును సవరింపగలదని మేము విశ్వసించుచున్నాము.

1970వ దశకమున, దేశమెల్ల ద్వేషించిన రెడ్ ఆర్మీ ఫాక్షన్ ముద్దాయిల పక్షమున ఆయన నిలిచెను. 1975లో స్టామ్‌హైమ్ విచారణ ఆరంభమగునప్పటికే ఆయనను ఆ బాధ్యతనుండి తొలగించిరి. ఖైదీల నడుమ సమాచారము చేరవేసి నేరస్థసంఘమునకు తోడ్పడెనని 1982లో బెర్లిన్ న్యాయస్థానము పది నెలల శిక్ష విధించి, అమలును నిలిపివేసెను. నిందితుని పక్షమున వాదించుట ధర్మము. అతని సంఘమునకు సాధనమగుట వేరు. ఈ హద్దును భావి న్యాయవాదులు మరువరాదు.

అయినను ప్రజలు ఆయనను ఆ ఒక్క మచ్చతో కొలువలేదు. 1978లో పశ్చిమ బెర్లిన్ నగర రాజకీయములలో ఆల్టర్నేటివ్ లిస్టె అను పక్షమును స్థాపించినవారిలో ఆయన ఒకడు. 1999లో కొసావో యుద్ధమును స్వపక్షము సమర్థింపగా ఆయన ఎదిరించెను. 2002లో గ్రీన్ పార్టీ తన జాబితాలో ఆయనకు గెలుపు నిశ్చయమైన స్థానమీయలేదు. అప్పుడాయన, టర్కీ వలసకుటుంబములు పెక్కు నివసించు క్రాయిట్స్‌బెర్గ్‌తో కూడిన నియోజకవర్గమున నిలిచి, పార్లమెంటుకు ప్రత్యక్షముగా ఎన్నికైన తొలి గ్రీన్ అభ్యర్థి అయ్యెను. 2005, 2009, 2013లలోను ఓటర్లు ఆయననే గెలిపించిరి.

విద్యార్థి మిత్రులారా! పార్టీ టిక్కెట్టు ఇచ్చునది అవకాశమే; విశ్వాసము నిచ్చునది మనము నివసించు వీధి. అల్పసంఖ్యాకులమైన మనకు, లోకము వెలివేసినవాని పక్షమున నిలుచు న్యాయవాది అవసరమెంతయో వేరుగ చెప్పనేల? అట్టివారు మన కళాశాలనుండియు వెలువడవలెనని మా ఆకాంక్ష.