పన్నెండు సీట్ల ఊసెత్తని సిద్ధాంత పోరు

2025 మే 23న కల్వకుంట్ల కవిత అమెరికా నుంచి వచ్చి శంషాబాద్ విమానాశ్రయంలో దిగారు. తండ్రికి తాను రాసిన ఉత్తరం బయటికి పొక్కిన మాట నిజమేనన్నారు. కేసీఆర్ దేవుడని, ఆయన చుట్టూ దయ్యాలు చేరాయని అన్నారు. సెప్టెంబరు 2న పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది. మర్నాడే ఆమె పార్టీకీ, ఎమ్మెల్సీ పదవికీ రాజీనామా చేశారు. ఆ దయ్యాలెవరో తేల్చడానికి టీవీలకు నెలలు పట్టింది. దీనికే సిద్ధాంత పోరు అని పేరు పెట్టారు.

ఈ పోరు మన హాస్టళ్లకూ, మన టీచర్ల స్టాఫ్‌రూములకూ పాకింది. అక్క వైపా, అన్న వైపా అని మన పిల్లలు కొట్లాడుకుంటున్నారు. అక్కకూ అన్నకూ తీర్పు చెప్పే పని మేం పెట్టుకోవడం లేదు. ఓడిన పార్టీ ఎందుకు ఓడిందో వెతుకుతున్నామంటోంది కదా, ఆ వెతుకులాటలో మన గూడెం, మన తండా ఎక్కడైనా కనబడ్డాయా అని మాత్రం అడుగుతున్నాం.

ఆ ఉత్తరంలో సిద్ధాంతం అసలే లేదనం. ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో జరిగిన రజతోత్సవ సభలో బీజేపీ గురించి రెండు నిమిషాలే మాట్లాడారేమని ఆమె తండ్రిని అడిగారు. వక్ఫ్ చట్టం, బీసీలకు 42 శాతం, ఎస్సీ వర్గీకరణ ఎందుకు ప్రస్తావించలేదని అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే. ఆపరేషన్ కగార్ ఆపమని సభలో కేసీఆర్ అన్నందుకు మెచ్చుకున్నారు కూడా. పత్రికల్లో వచ్చిన మేరకు ఆ ఆరు పేజీల్లో మన వాటా ఆ ఒక్క మాటే. అడవిలో మనవాళ్ల చావులు ఆపమంటే మాకూ సంతోషమే. కానీ తూటా తగిలినప్పుడే గుర్తొస్తామా? భూమి దగ్గర, బడి దగ్గర, ఉద్యోగం దగ్గర గుర్తుకు రామా?

ఓటమి లెక్క మన దగ్గర్నుంచే మొదలుపెట్టాలని మేమంటాం. తెలంగాణలో ఎస్టీలకు కేటాయించిన అసెంబ్లీ సీట్లు 12. 2018లో టీఆర్‌ఎస్ గాలి బలంగా వీచి 119లో 88 గెలిచింది. మన పన్నెండింటిలో మాత్రం గెలిచింది ఐదే. ఆసిఫాబాద్, ములుగు, పినపాక, ఇల్లెందు, అశ్వారావుపేట, భద్రాచలం, వైరా ఆ పార్టీని వద్దన్నాయి. అంత గాలిలోనూ అడవి ఎందుకు వద్దన్నదో కూర్చుని ఆలోచించాల్సిన సమయం అది. పార్టీ చేసిన పని వేరు. ఆ ఏడుగురిలో ఐదుగురు ఎమ్మెల్యేలను తనలో కలుపుకుంది. ఐదు పది అయింది. ఓటరు చెప్పిన మాట చెవిన పెట్టలేదు, ఆ ఓటుతో గెలిచిన మనిషిని మాత్రం కారెక్కించుకున్నారు.

2023లో ఆ పది మూడుకు పడింది: ఆసిఫాబాద్, బోథ్, భద్రాచలం. భద్రాచలం ఎమ్మెల్యే 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌లోకి పోయారు. కవిత దిగిన శంషాబాద్ ఉన్నది రాజేంద్రనగర్ నియోజకవర్గంలో. అక్కడి ఎమ్మెల్యే ప్రకాశ్ గౌడ్ టీడీపీ నుంచి గెలిచి టీఆర్‌ఎస్‌లోకి వచ్చినవారు, 2023లో కారు గుర్తు మీద గెలిచి 2024 జూలైలో కాంగ్రెస్‌లో చేరారు. ఫిరాయింపులు ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టని ఇవాళ బీఆర్‌ఎస్ కోర్టుకెక్కింది. నిజమే. ఆ గొడ్డలి మొదట మన అడవిలో పడ్డప్పుడు దాని కామ ఎవరి చేతిలో ఉండె?

ఇక రిజర్వేషన్. 2014లో ఎస్టీలకు 12 శాతం అన్నారు. చెల్లప్ప కమిషన్ వేశారు. 2017 ఏప్రిల్ 16న పది శాతానికి అసెంబ్లీలో బిల్లు పెట్టి ఢిల్లీకి పంపారు. అది అక్కడే పడి ఉంది. ఐదేళ్ల తర్వాత, 2022 సెప్టెంబరు 30న జీవో 33తో పది శాతం ఇచ్చారు. ఇచ్చినందుకు కాదనం. జీవోతో అయ్యే పనైతే 2017లోనే ఎందుకు కాలేదు? ఆ ఏడాది అక్టోబరులో 8,792 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆరు శాతానికీ పది శాతానికీ తేడా నాలుగు. అంటే దాదాపు 350 ఉద్యోగాలు. ఏజెన్సీ పోస్టులకు వేరే నియమం ఉంది కాబట్టి లెక్క కొంత తగ్గుతుందనుకుందాం, అయినా వందల్లోనే ఉంటుంది. ఆ కొలువులు పోయినవాళ్లు ఎక్కడున్నారో చూడాలంటే ఆ విమానాశ్రయం చుట్టుపక్కలకే పోండి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చి ట్రాలీలు తోసేవాళ్లు, క్యాబులు నడిపేవాళ్లు కనిపిస్తారు. బీఈడీ చేసినవాళ్లూ ఉంటారు.

ఏజెన్సీ బడులకు అండగా ఉన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడి టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అన్న హక్కు పోయింది. ఆ తర్వాత మూడున్నరేళ్లు రాష్ట్రాన్ని ఏలిన పార్టీ దానికి బదులు ఇంకో రక్షణ నిలబెట్టలేదు. గోండి, కోయ పిల్లకు వాళ్ల భాషలో అ ఆలు చెప్పగలిగే మనిషి బడిలో ఉండాలా వద్దా? సిద్ధాంతమంటే మాకు తెలిసింది ఇది.

తండాలను పంచాయతీలు చేశారు, అది మంచి పని. పోడు పట్టాలూ ఇచ్చారు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి దాదాపు నాలుగు లక్షల ఎకరాలకు ఇచ్చామన్నారు. ఎన్నికలకు ఐదు నెలల ముందు! దానికి ఏడాది ముందే దండేపల్లి మండలం కోయపోచగూడెంలో ఆడవాళ్లను జైలుకు పంపారు, వాళ్ల గుడిసెలు పీకేశారు. ఇచ్చిన చెయ్యీ పీకిన చెయ్యీ ఒకే సర్కారువి. ఇందులో ఏది దేవుడి పని, ఏది దయ్యాల పని?

ఇదంతా చదివి కాంగ్రెస్ మిత్రులు నవ్వుకోవద్దు. మన పన్నెండులో తొమ్మిది గెలిచిన పార్టీ 2025 మే 30న జీవో 49 తెచ్చి కుమ్రం భీం పేరు మీదనే పులుల కారిడార్ అన్నది. భీం కొట్లాడింది అడవి మీద మన హక్కు కోసం. ఆయన పేరుతోనే మనల్ని అడవి నుంచి నెట్టే కాగితం! మనవాళ్లు బందులు చేస్తే జూలై 21న నిలిపివేశారు. నిలిపివేయడం వేరు, రద్దు వేరు. టీచర్లు పిల్లలకు ఈ రెండు మాటల తేడా చెప్పాలి.

'సామాజిక తెలంగాణ' అంటూ కవిత మన ఊళ్లకు రావచ్చు. రేపు బీఆర్‌ఎస్ వాళ్లూ వస్తారు. ఆదివాసీలకు ఒక మాట, లంబాడాలకు ఒక మాట చెప్పే అలవాటు అన్ని పార్టీలకూ ఉంది కాబట్టి ఇద్దరం ఒకే చోట కూర్చుని వినాలి. దయ్యాల కథ వద్దని చెప్పి, 2018లో అడవి వద్దన్నప్పుడు మీ పార్టీ ఏ సమావేశంలో చర్చించిందని అడగాలి. 2017లో ఆగిన జీవో గురించి అడగాలి. జవాబు నోటితో చెబితే రాసిమ్మనాలి, ఆ కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.