మెచ్చిన పాటకు వెల యీయవలదా?

గడచిన వేసవి సెలవులకు ముందు ఒక మధ్యాహ్నము పదియవ తరగతి బాలురు కొందఱు తమ వివాదమును తీర్పు కొఱకు మా యొద్దకు దెచ్చిరి. వారిలో పలువురు జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములనుండి వచ్చువారు. అయినను వివాదము తెలుగు చలనచిత్రములను గూర్చినది కాదు. పాశ్చాత్యుల మెటల్ సంగీతమును గూర్చినది. మెటాలికా బృందమువారి ఆల్బములలో 1986వ సంవత్సరమున వెలువడిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ శ్రేష్ఠమా, 1991వ సంవత్సరమున నల్లని యట్టతో వెలువడినది శ్రేష్ఠమా యనునది ప్రశ్న. మొదటిదానియందు క్లిఫ్ బర్టన్ వాయించిన బేస్ గిటారునకు సాటి లేదని యొకడనెను. ఆ వాద్యకారుడు ఆ యేడే స్వీడన్ దేశమున బస్సు ప్రమాదములో మరణించెనని చెప్పునప్పుడు బాలుని కంఠము తగ్గెను. ఈ సంగీతమును ఇంటింటికి దెచ్చినది రెండవదియే యని వేఱొకడు వాదించెను. ఐరన్ మెయిడెన్ వారి 1982వ సంవత్సరపు ‘ది నంబర్ ఆఫ్ ద బీస్ట్’ ముందు ఇవి రెండును తక్కువయే యని మూడవవాడనెను. ప్రకటన గ్రంథమును తలపించు ఆ పేరు మాకు రుచింపదని యెఱిగియు దాచక చెప్పినందుకు వానిని మెచ్చుకొంటిమి.

తీర్పు చెప్పుటకు ముందు మేమొక ప్రశ్న వేసితిమి. “వీనిలో దేనినైనను మీరు వెల యిచ్చి కొంటిరా?”

“లేదు సార్, అన్నియు ఇందులో నున్నవి” అని మొదటి బాలుడు జేబులోనుండి పెన్ డ్రైవు తీసి చూపెను. ఇంటర్నెట్టునుండి ఎవరో డౌన్‌లోడ్ చేసినవి చేతులు మాఱి వానికి జేరినవట.

ఈ బాలుని సంగతి మేమెఱుగుదుము. వాని తండ్రి చలనచిత్రములలో శబ్దగ్రహణ విభాగమున పనిచేయువాడు. తండ్రి పనిచేసిన చిత్రము విడుదలైన దినముననే దాని దొంగ ప్రతిని బస్సులో ప్రక్కవాని సెల్ ఫోనునందు చూచి, ఇంటికి బోయి కంట నీరు పెట్టుకొనిన పిల్లవాడతడు. ఒక దొంగతనమునకు కన్నీరు గార్చిన చేతనే రెండవదానిని జేబులో నుంచుకొని తిరుగుచున్నాడు. ఇది వాని దోష మొక్కటియే కాదు. మన యందఱి దోషము.

మేమును నిర్దోషులము కాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువు దినములలో నూఱు పాటలున్న దొంగ సీడీని బజారులో ముప్పది రూపాయలకు గొని, హాస్టలులోని మిత్రులకెల్ల నకళ్లు తీసి యిచ్చి, అది స్నేహధర్మ మనుకొంటిమి. ఆ ముప్పది రూపాయలలో పాట వ్రాసినవారికిగాని పాడినవారికిగాని ఒక్క పైసయు జేరదని తెలిసికొనుటకు మాకు చాల కాలము పట్టెను.

బాలురు తమ పక్షమున మూడు మాటలు చెప్పిరి. మొదటిది: “ఒక దీపముతో వేఱొక దీపమును వెలిగించినచో మొదటి దీపము తగ్గదుగదా?” చక్కని మాటయే. దీపము తగ్గదు, నూనె పోసినవాని కూలి తగ్గును. మెటాలికా వారి చరిత్రమే దీనికి సాక్ష్యము. 1982వ సంవత్సరమున, ఇంకను ఒక్క ఆల్బమైనను లేని కాలమున, వారి మాదిరి పాటల టేపును అభిమానులు ఒకరినుండి యొకరు నకలు తీసికొని ఊరూర వ్యాపింపజేసిరి. వారి పేరు అట్లే పెరిగెను. కాని 2000వ సంవత్సరమున, వారి పాట యొకటి పూర్తికాకమునుపే నాప్‌స్టర్ ద్వారా లోకమెల్ల వ్యాపింపగా, అదే బృందమువారు ఆ సంస్థపై ఏప్రిల్ మాసమున వ్యాజ్యము వేసి, పాటలు పంచుకొనిన 3 లక్షలకు పైగా వాడుకరుల పేర్లు దాని కందజేసిరి. అభిమానులు మండిపడిరి, 2001 జూలైలో ఆ సేవ నిలిచిపోయెను. బృందమువారు మాట మార్చిరని కొందఱందురు. మా కట్లు తోచదు. వారిష్టపడి యిచ్చినది కానుక. వారి నడుగక తీసికొన్నది కానుక కానేరదు.

ఇట్టి కథ మన యింటి ముంగిటను జరిగెను. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రము విడుదల కాకమునుపే గంటన్నర భాగము బయటపడగా, నిర్మాతలు తొందరపడి ఆ నెల 27వ తేదీననే విడుదల చేసిరి. చిత్రము గొప్పగా నెగ్గెను. నెగ్గినది గావున నష్టమేమనువారు, ఇల్లు దోచుకొన్నను ఇంటివాడు బ్రదికియే యున్నాడుగదా యనువారివంటివారు. ఫిల్మ్ నగరునందలి ఫిలిం ఛాంబరువారు దొంగ ప్రతులను పట్టుటకే ఒక విభాగమును నడుపవలసి వచ్చినదన్న ఈ చెడుగు ఎంత వేరు పాఱినదో తెలియును.

రెండవ మాట: “మా యొద్ద డబ్బు లేదు.” పూర్వము ఇది కొంత నిజమే. నేడు సంగీత సంస్థలు తామే యూట్యూబునందు పాటల నుంచుచున్నవి. ప్రకటనల సొమ్ములో వారికి భాగము వచ్చును. వినువానికి వెల లేదు. రేడియో యెట్లును కలదు. న్యాయమైన ద్వారము తెఱచియుండగా గోడ దూకుట యెందులకు?

మూడవ మాట బలమైనది: “కంపెనీలే కళాకారులను మోసగించుచుండగా మమ్ము తప్పుపట్టుట యేల?” అట్టి అన్యాయము లేకపోలేదు. అందుకే 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమును 2012లో సవరించి, చిత్రములకు పాటలు వ్రాసిన కవులకును స్వరకర్తలకును, సినిమాహాలులో ప్రదర్శనము దప్ప తక్కిన వినియోగములపై వచ్చు రాయల్టీలో సమానభాగ మేర్పఱచిరి. ఆ హక్కును ఒప్పందములో వదలుకొనుటకు వీలులేదు. కాబట్టి నేడు దొంగ నకలు తీయువాడు కంపెనీనే గాక కవిని గూడ కొట్టుచున్నాడు.

హక్కుల విషయమున పెద్దలకును భేదాభిప్రాయములు కలవు. 2017వ సంవత్సరమున ఇళయరాజాగారు తమ యనుమతి లేక తమ పాటలను కచేరీలలో పాడరాదని ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారికి నోటీసు పంపిరి. అప్పుడు బాలుగారు అమెరికాలో కచేరీలు చేయుచుండిరి. అట్టి నిబంధన తామెఱుగమనియు, చట్టమైనచో లోబడుదుమనియు జెప్పి, వారు ఆ పాటలను మానుకొనిరి. ఎవరిది న్యాయమో మేము నిర్ణయింపము. తమ కంఠమున వెలువడిన పాటనే ఆయన విడువగలిగిరి. వినుటకు మాత్రమే కోరు మనము ఒక నకలును విడువలేమా?

పెద్ద బృందములకు మన యెగవేత కనబడకపోవచ్చును; చిన్నవారికి కనబడును. మన హైదరాబాదు మెటల్ బృందమొకటి 2021వ సంవత్సరమున ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అను ఆల్బమును వెలువరించెను. ఆ బృందము పేరు ‘గాడ్‌లెస్’. మిషను పాఠశాల పత్రికలో ఆ పేరు వ్రాయుటకు మా కలము కొంత వెనుదీసెను. అయినను పనివాని పేరు నచ్చలేదని కూలి యెగవేయుట క్రైస్తవధర్మము కాదు. దొంగతనమును నిషేధించు ఆజ్ఞ, దోచబడువాడు మనకు నచ్చినవాడా కాడా యని విచారింపదు.

ఇక తీర్పు. సంస్థవారు తామే యుంచిన చోట ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ను వింటిమి. మొదట గోలగా నుండెను. అందులో ‘ఓరియన్’ అను మాటలు లేని వాద్యగీతము ఎనిమిది నిమిషములు సాగును. మూడవసారి వినగా దాని మధ్యభాగమున, గుడిలో ప్రార్థన ముగిసిన పిమ్మటివంటి నెమ్మది తోచెను. కాబట్టి మొదటి బాలుని పక్షమే మా పక్షము. అయితే ఆతనికి మఱియొక బాధ్యత యున్నది. ఒక పాటను తక్కినవానికంటె నెక్కువగా ప్రేమించుచున్నా నని చెప్పినవాడు, ఆ మాటతోనే తాను ఋణస్థుడనని యొప్పుకొన్నాడు.

ఆ పెన్ డ్రైవును మేము లాగుకొనలేదు. దానిని చెఱపవలసినది వాని మనస్సాక్షి. తల్లిదండ్రులకు మా మనవి యొకటి: ఏటికొక ఆల్బమునైన బిడ్డచేతనే వెల యిచ్చి కొనిపింపుడు. వెల యిచ్చిన చేయి ఆ శ్రమను మఱవదు. ఒకరి శ్రమను తన శ్రమవలె నెంచు మనస్సును ప్రభువు మన బాలబాలికలకును మనకును అనుగ్రహించుగాక.